చవక బజారు వచ్చాక సందులోని దుకాణం

తెలుగు రాష్ట్రాల జిల్లా కేంద్రాలలో, ఇప్పుడు ఓ మోస్తరు మునిసిపల్ పట్టణాలలో కూడా, ఒకే కథ నడుస్తున్నది. బైపాస్ రోడ్డు పక్కనో, మూతపడిన రైసు మిల్లు స్థలంలోనో ఒక పెద్ద భవనం లేస్తుంది. ప్రారంభం రోజున ట్రాఫిక్ పోలీసులు తాళ్లు కట్టవలసి వస్తుంది. పంచదార, కందిపప్పు, నూనె, సబ్బులు, చెప్పులు, దుప్పట్లు, ప్లాస్టిక్ బకెట్లు అన్నీ ఒకే కప్పు కింద, ముద్రిత ధర కంటే తక్కువకు దొరుకుతాయి. ఏడాది తిరిగే లోపు పాత బజారులో రెండు మూడు షట్టర్ల మీద 'అద్దెకు ఇవ్వబడును' అన్న కాగితాలు కనిపిస్తాయి. మొదటి వార్తకు పత్రికలలో పూర్తి పేజీ ప్రకటన ఉంటుంది. రెండవ దానిని ఎవరూ రాయరు.

ముస్లిం మైనారిటీ హక్కుల కోసం నడిచే పత్రికకు కిరాణా దుకాణాల పోటీతో ఏమి పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. హక్కులంటే రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, విద్వేష ప్రసంగాలు మాత్రమే అన్న అలవాటు మనలో బలంగా పాతుకుపోయింది. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదికను మనం ఎన్నోసార్లు ఉటంకిస్తాం, కానీ ఎక్కువగా చదువు, ప్రభుత్వ ఉద్యోగాల అధ్యాయాల దగ్గరే ఆగిపోతాం. అదే నివేదిక మరో మాట చెప్పింది. దేశంలోని ముస్లిం శ్రామికులలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారు. పట్టణాలలో చూస్తే ఆ లెక్క ముస్లింలలో 57 శాతం, హిందువులలో 43 శాతం. అంటే నెల జీతం, పీఎఫ్, పింఛను లేని బతుకు మనలో మామూలు బతుకు. బండి, కొట్టు, మల్గీ, కుట్టుమిషను, ఆటో, ఇవే మన ఉద్యోగాలు. వీధి వ్యాపారంలో వచ్చే ఏ మార్పు అయినా ముందుగా మన గడపను తాకడానికి కారణం ఇదే. కనుక ఇది మన విషయమే.

ముందుగా చవక ఎలా సాధ్యమవుతున్నదో అర్థం చేసుకుందాం. మన బజార్లలో ఈ విషయం మీద వినిపించే మాటలలో సగం పుకార్లే. కల్తీ సరుకు అమ్ముతారని, పాతబడిన సరుకు అంటగడతారని, రాజకీయ నాయకుల నల్లధనమని అంటుంటారు. ఈ మాటలు చెప్పుకొని తృప్తి పడే వ్యాపారి తన శత్రువును గుర్తించలేడు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన పేరు డీమార్ట్. రాధాకిషన్ దమానీ స్థాపించిన ఈ సంస్థ 2002లో ముంబయిలోని పవయిలో మొదటి దుకాణం తెరిచింది. 2025 మార్చి నాటికి దేశంలో 415 దుకాణాలకు చేరింది. మహారాష్ట్ర, గుజరాత్ తరువాత దానికి ఎక్కువ దుకాణాలున్న రాష్ట్రాలలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. దాని పద్ధతిలో రహస్యమేమీ లేదు. చాలావరకు భవనాలను సొంతంగా కొంటుంది కనుక నెలనెలా అద్దె పెరిగే బెడద లేదు. సరుకు ఇచ్చిన కంపెనీలకు నెలల తరబడి తిప్పకుండా కొద్ది రోజులలోనే డబ్బు చెల్లిస్తుంది, ఆ తొందర చెల్లింపుకు బదులుగా ధరలో తగ్గింపు తీసుకుంటుంది. రకాలు తక్కువ, అమ్మకం వేగం. వంద రూపాయల సరుకు మీద కొనుగోలు ధర పోగా మిగిలేది సుమారు 15 రూపాయలే, కానీ ఆ వంద రూపాయలు ఏడాదిలో ఎన్నోసార్లు తిరుగుతాయి. పప్పు, నూనె, బియ్యం మీద లాభం బాగా తక్కువ. బట్టలు, పాత్రలు, ప్లాస్టిక్ సామాను, ఇంటి వస్తువుల మీద ఎక్కువ. పప్పు కోసం వచ్చిన మనిషి బుట్టలో దుప్పటి, పిల్లవాడి నిక్కరు, అన్నం డబ్బా కూడా వేసుకొని పోవాలి. ఇదే వ్యాపార సూత్రం.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. మన బజార్లలో కిరాణా ఏనాడూ ముస్లింల చేతిలో ఉన్న వ్యాపారం కాదు. తెలుగు నేల మీద అది తరతరాలుగా వైశ్యుల వృత్తి, పెద్ద పట్టణాల హోల్‌సేలులో మార్వాడీల వృత్తి. మన మొహల్లాలలో ఉన్నవి సందు చివరి చిన్న దుకాణాలు, గుడ్లు, బ్రెడ్డు, పాల ప్యాకెట్లు అమ్మే కొట్లు. అందువల్ల డిస్కౌంటు దుకాణం దెబ్బ మనకు అంతగా తగలదని అనుకునేవారున్నారు. అది తప్పు లెక్క. చెప్పులు, సంచులు, దుప్పట్లు, స్టీలు, ప్లాస్టిక్, రెడీమేడ్ బట్టలు, పిల్లల ఆటవస్తువులు, గాజులు, సుగంధ ద్రవ్యాలు అమ్మే బజారు ఎవరిది? ఏ పట్టణంలోనైనా పెద్ద మసీదు చుట్టూ ఉన్న వీధుల్లో ఒకసారి నడిచి చూస్తే సమాధానం దొరుకుతుంది. పెద్ద దుకాణం పప్పు మీద లాభం వదులుకొని వైశ్యుడి గిరాకీని లాగుతుంది. ఆ వదులుకున్న లాభాన్ని చెప్పుల మీద, దుప్పట్ల మీద రాబట్టుకొని మన గిరాకీని లాగుతుంది. మొదటి దెబ్బ అందరికీ కనిపిస్తుంది. రెండవది కనిపించదు, ఎందుకంటే చెప్పుల దుకాణదారు తనకు గిరాకీ తగ్గడానికి పప్పు కారణమని ఊహించడు. పండుగ బాగా జరగలేదని, వానలు పడలేదని అనుకుంటాడు.

ఇక సందు చివరి దుకాణం లెక్క చూద్దాం. ఇది ఫలానా దుకాణం కాదు, లెక్క తెలియడానికి వేసుకున్న ఉదాహరణ. రోజుకు పదివేల రూపాయల అమ్మకం ఉన్న ఒక కొట్టు అనుకుందాం. సగటున నూటికి పది రూపాయలు మిగిలితే వెయ్యి రూపాయలు. అందులో కొట్టు అద్దె, కరెంటు బిల్లు, ఫ్రిజ్, పాడైన సరుకు, సాయం చేసే కుర్రవాడి కూలి కలిపి నాలుగు వందలు పోతే, ఇంటికి చేరేవి ఆరు వందలు. ఇప్పుడు గిరాకీ నాలుగో వంతు మాత్రమే తగ్గిందనుకోండి. అమ్మకం ఏడున్నర వేలు, మిగులు ఏడు వందల యాభై. అద్దె తగ్గలేదు, కరెంటు తగ్గలేదు. ఇంటికి చేరేది మూడు వందల యాభై. అమ్మకం నాలుగో వంతు తగ్గితే ఇంటి ఆదాయం నూటికి నలభైకి పైగా తగ్గిపోయింది! దుకాణం ముందు ఇంకా మనుషులు కనిపిస్తూనే ఉంటారు. బయటి నుంచి చూసేవారికి అంతా మామూలుగానే ఉంటుంది. లోపల పిల్లల ఫీజు ఆగిపోతుంది.

దీని కంటే లోతైన నష్టం మరొకటి ఉంది. వెళ్లిపోయిన నాలుగో వంతు గిరాకీ ఎవరిది? నెల మొదట జీతం చేతికొచ్చే వారిది, నగదు పెట్టి నెల సామాను ఒకేసారి కొనేవారిది. మిగిలినవారు ఎవరు? రోజు కూలి తెచ్చుకొని సాయంత్రం పావు కిలో పప్పు, పది రూపాయల నూనె, రెండు గుడ్లు కొనేవారు, 'వారం రోజుల్లో ఇస్తా, రాసుకో భాయ్' అనేవారు. మునుపు పదివేల అమ్మకంలో రెండున్నర వేలు ఉద్దెర అయితే నాలుగింట ఒక వంతు. ఇప్పుడు ఏడున్నర వేలలో అదే రెండున్నర వేలు మూడింట ఒక వంతు. నగదు గిరాకీ ఇచ్చే లాభంతోనే దుకాణదారు ఉద్దెర గిరాకీని మోయగలిగాడు. నగదు పోయాక ఉద్దెర ఇవ్వలేడు. అతడు ఖాతా పుస్తకం మూసిన రోజున నష్టపోయేది అతడొక్కడే కాదు, ఆ సందులోని పేదలందరూ. పెద్ద దుకాణం బిల్లింగు కౌంటరు దగ్గర 'రాసుకో భాయ్' చెల్లదు.

2020 లాక్‌డౌన్‌లో ఈ ఖాతా పుస్తకం విలువ మనం చూశాం. అప్పుడే, ఆ ఏప్రిల్ నెలలోనే, తబ్లీగీ జమాత్ పేరుతో సాగిన విషప్రచారం వల్ల దేశంలో పలుచోట్ల ముస్లిం కూరగాయల బండ్లను వీధుల్లోకి రానివ్వలేదు. బండి వాడు ఇంటికి వచ్చినా, అతడి ఇల్లు నడిచింది మొహల్లా దుకాణం పెట్టిన ఉద్దెర మీద. ఆపద వచ్చినప్పుడు ఆదుకొనే ఆ చివరి కప్పు కూడా కూలితే తరువాత నిలబడే చోటు ఏది? మా ఆందోళన అంతా ఇక్కడ ఉంది.

అయితే అవతలి పక్షపు మాట కూడా చెప్పకపోతే మేము మా పాఠకులకు న్యాయం చేసినవారము కాము. డిస్కౌంటు దుకాణానికి వెళ్లే బురఖా ధరించిన ఇల్లాలు ఎవరు? ఆమె కూడా మనవారే. ఆటో నడిపే భర్త తెచ్చిన డబ్బుతో నలుగురు పిల్లలను సాకుతున్న తల్లి నెలకు నాలుగైదు వందలు మిగుల్చుకుంటే, ఆ డబ్బు ట్యూషన్ ఫీజు అవుతుంది, మందులవుతుంది. 'మనవాడి దుకాణంలోనే కొను, ఎక్కువైనా సరే' అని ఆమెకు చెప్పే అర్హత ఎవరికి ఉంది? మసీదు మైకులో అలా చెప్పాలని కోరేవారి ప్రతిపాదనను మేము అంగీకరించము. పైగా మతం చూసి కొనుగోలు చేయాలన్న వాదం మన నోట రావడం ప్రమాదకరం. అదే వాదంతో మనల్ని బజారు నుంచి వెళ్లగొడుతున్నారు. 2022లో కర్ణాటకలో జాతరల దగ్గర ముస్లిం వ్యాపారులకు చోటు లేదని బ్యానర్లు కట్టినప్పుడు మనం ఏ రాజ్యాంగ సూత్రాన్ని చూపించామో గుర్తు చేసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్‌లోనే శ్రీశైలం దేవస్థానం దుకాణాల వేలంలో హిందూయేతరులు పాల్గొనరాదన్న 2015 నాటి జీవో మీద వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2021 డిసెంబరులో ఆ కోర్టు, మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి మినహాయించరాదని స్పష్టం చేసింది. ఏళ్లుగా అక్కడ బొమ్మలు, గాజులు అమ్ముకున్నవారు గెలిచింది ఆ సూత్రం మీదనే. దానిని మన చేతులతో మనమే తెంచుకోరాదు.

ఈ సందర్భంలో మరో ముచ్చట. 2023 సెప్టెంబరులో హైదరాబాదు కూకట్‌పల్లిలో లూలూ మాల్ తెరిచినప్పుడు మన యువకులు కొందరు 'ఇది మన యూసుఫ్ అలీ సాహెబుది' అని గర్వంగా సామాజిక మాధ్యమాలలో రాసుకున్నారు. కేరళ నుంచి గల్ఫుకు వెళ్లి ఎదిగిన ఒక వ్యాపారి విజయం మీద గర్వించడంలో తప్పు లేదు. అయితే యజమాని పేరు ఏదైనా, పెద్ద దుకాణం పక్కనున్న చిన్న దుకాణం లెక్క మాత్రం పైన చెప్పినట్టే ఉంటుంది. పెట్టుబడికి గడ్డం ఉందా, తిలకం ఉందా అని చూసి ప్రయోజనం లేదు.

అసలు అన్యాయం ఎక్కడుంది? తక్కువకు అమ్మడంలో లేదు. తమ కొనుగోలు ధర కంటే తక్కువకు అమ్మి పోటీదారులను తుడిచిపెట్టడాన్ని 2002 నాటి పోటీ చట్టం నిషేధిస్తుంది, కానీ మార్కెట్టులో ఆధిపత్యం ఉన్న సంస్థకే ఆ నిషేధం వర్తిస్తుంది. ఒక పట్టణంలో రెండు మూడు గొలుసు దుకాణాలు, వందల కొట్లు, ఫోనులో ఆర్డరు తీసుకొనే యాప్‌లు ఉన్నప్పుడు ఏ ఒక్కరికీ ఆధిపత్యం ఉందని నిరూపించడం దాదాపు అసాధ్యం. పైగా పెద్ద దుకాణం చాలా వస్తువులను నష్టానికి అమ్మడం లేదు, తక్కువకు కొని తక్కువకు అమ్ముతున్నది. అన్యాయం ఆ కొనుగోలులో ఉంది. ఒకే కంపెనీ, ఒకే సబ్బు, ఒకే ముద్రిత ధర. డిస్ట్రిబ్యూటరు ద్వారా మన కొట్టుకు వచ్చే ధర కంటే పెద్ద దుకాణం షెల్ఫు మీద వినియోగదారుకు అమ్మే ధర తక్కువగా ఉండే సందర్భాలు ఎన్నో. అందుకే చాలా పట్టణాలలో చిన్న దుకాణదారులే పొద్దున్నే అక్కడికి వెళ్లి, ఒక మనిషికి ఇన్ని ప్యాకెట్లే అన్న పరిమితిని తప్పించుకోవడానికి ఇంటిల్లిపాదినీ వరుసలో నిలబెట్టి సరుకు తెచ్చుకుంటున్నారు. ప్యాకెట్టు మీద గరిష్ఠ ధర ముద్రించాలని చట్టం కంపెనీని నిర్బంధిస్తుంది. కానీ ఎవరికి ఎంతకు అమ్మావని అడగదు.

అమెరికాలో 1936లోనే ఈ ప్రశ్న అడిగారు. ఏ అండ్ పీ అన్న కిరాణా గొలుసు దుకాణాల ధాటికి చిన్న దుకాణాలు మూతపడుతున్నప్పుడు రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం తెచ్చి, పోటీలో ఉన్న ఇద్దరు కొనుగోలుదారులకు ఒకే సరుకును తగిన కారణం లేకుండా వేర్వేరు ధరలకు అమ్మరాదన్నారు. తరువాతి దశాబ్దాలలో దాని అమలు సన్నగిల్లింది, అది వేరే కథ. ఫ్రాన్సు, జపాను 1973లో పెద్ద దుకాణాలను కట్టడానికి ప్రత్యేక నియమాలు విధిస్తూ చట్టాలు చేశాయి. మన దగ్గర 2012లో చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు దేశమంతా అట్టుడికింది. వాల్‌మార్ట్ వస్తే కిరాణా పోతుందని బందులు చేశారు. విదేశీ సంస్థలకు 51 శాతం పరిమితి పెట్టారు, చిన్న పరిశ్రమల నుంచి 30 శాతం సరుకు కొనాలన్న షరతు పెట్టారు, నిర్ణయం రాష్ట్రాలకు వదిలారు. స్వదేశీ పెట్టుబడి విషయంలో అంతటి చర్చ జరగలేదు. భవన అనుమతి, అగ్నిమాపక ధ్రువపత్రం, ట్రేడ్ లైసెన్సు ఉంటే చాలు. పాత బజారుకు ఎంత దూరంలో కడుతున్నారు, ఎంతమంది జీవనం మీద ప్రభావం పడుతుందన్న ప్రశ్న మునిసిపాలిటీ ఫైలులో ఎక్కడా రాదు.

వర్తక సంఘాలు ఊరుకోలేదు. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు, తమకూ పెద్ద కొనుగోలుదారులకూ వేర్వేరు ధరలు పెడుతున్నారన్న కారణంతో కోల్గేట్ ఉత్పత్తులు కొన్నింటి సరఫరా నిలిపివేశారు. 2024 అక్టోబరులో అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య, పది నిమిషాలలో ఇంటికి సరుకు తెచ్చే కంపెనీల ధరల మీద పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఈ పోరాటాలలో మన వ్యాపారుల గొంతు వినిపించదు. కిరాణా వర్తక సంఘాలలో మనవారు సభ్యులుగా చేరరు, చేరినా చందా ఇచ్చి ఊరుకుంటారు. ఆర్యవైశ్య సోదరుడి కొట్టుకు, మన కొట్టుకు దెబ్బ ఒకే చోటు నుంచి వస్తున్నప్పుడు ఒకే బల్ల ముందు కూర్చోకపోవడానికి కారణం ఏమిటి? కొన్నిచోట్ల వారు పిలవరు, ఎక్కువ చోట్ల మనం వెళ్లము.

ఇస్లామీ చరిత్రలో ఈ చర్చకు చాలా దగ్గరగా ఉన్న ఒక ఘటనను ఇమాం మాలిక్ తన మువత్తాలో నమోదు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) మదీనా బజారులో నడుస్తూ, హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఎండు ద్రాక్షను బజారు ధర కంటే తక్కువకు అమ్మడం చూశారు. ధర పెంచండి, లేదా మా బజారు నుంచి తీసుకొని వెళ్లండి అన్నారు. మన చిన్న వ్యాపారులకు ఇది ఎంతో ఇష్టమైన కథ. కానీ ఇమాం షాఫయీ ద్వారా వచ్చిన మరో కథనం ఉంది. ఉమర్ (రజి) ఇంటికి వెళ్లి ఆలోచించి, మళ్లీ హాతిబ్ (రజి) ఇంటికి వచ్చి, నేను చెప్పింది ఆజ్ఞ కాదు, తీర్పూ కాదు, పట్టణవాసుల మేలు కోరి అన్న మాట, మీకు ఇష్టమైన చోట ఇష్టమైన ధరకు అమ్ముకోండి అన్నారట. దైవప్రవక్త (స) కూడా ధరలు పెరిగినప్పుడు ప్రజలు కోరినా ధర నిర్ణయించడానికి ఒప్పుకోలేదని హదీసులు చెబుతున్నాయి. కానీ ఊరి బయటే బిడారును కలిసి, బజారు ధర తెలియని వారి దగ్గర సరుకు కొనేయడాన్ని వారించారు. సరుకు దాచి ధర పెంచడాన్ని వారించారు. మాకు అర్థమైనంతవరకు ధరను అదుపు చేయమని ధర్మం మనకు చెప్పలేదు, బజారులోకి అందరికీ సమానమైన దారి ఉండాలని చెప్పింది. బిడారును ఊరి బయటే కలవడం అంటే నేటి భాషలో కంపెనీ గోదాము దగ్గరే వేరే ధర మాట్లాడుకోవడం కాదా? ఉలమాలు దీనిమీద రాస్తే ప్రచురించడానికి సిద్ధంగా ఉన్నాం.

బజారులోకి సమానమైన దారి అనగానే అప్పు గుర్తుకు వస్తుంది. డిస్కౌంటు దుకాణం కొద్ది రోజులలోనే డబ్బు చెల్లించగలదు. మన దుకాణదారు చెల్లించలేడు, చేతిలో పెట్టుబడి లేదు. ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'ప్రతికూల మండలాలు'గా గుర్తించి అప్పులు నిరాకరిస్తున్నాయని సచార్ కమిటీయే చెప్పింది. వడ్డీ తీసుకోవడం ఇష్టం లేనివారికి దారి అసలే లేదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగును పరిశీలించాలని సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోకూడదని నిర్ణయించింది. ఇక మిగిలేది రోజువారీ గిరిగిరి అప్పు. పదివేలు అని తొమ్మిది వేలు చేతిలో పెట్టి వంద రోజులు రోజుకు వంద చొప్పున వసూలు చేసే అప్పు. ధర్మం ప్రకారం వద్దనుకున్న వడ్డీనే, బ్యాంకు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కడుతున్నాడు మన వ్యాపారి.

ఏమి చేయవచ్చు? డిస్కౌంటు దుకాణాలను మూసివేయమని అడగడం వృథా. జర్మనీ ఈ దుకాణాలకు పుట్టిల్లు. ఆల్డి, లిడిల్ రెండూ అక్కడివే. అయినా ఆ దేశంలో కిరాణా రంగంలో మొదటి స్థానంలో ఉన్నది ఎడెకా అన్న సంస్థ. 1898లో బెర్లినులో చిన్న కిరాణా వర్తకులు కొందరు కలిసి ఒకేచోట సరుకు కొనడానికి పెట్టుకున్న సహకార సంఘం అది. నేటికీ అది స్వతంత్ర దుకాణదారుల సహకార సంఘాల చేతిలోనే ఉంది. విడివిడిగా ఉండి ఉంటే వారు ఎప్పుడో పోయేవారు. మన రెండు రాష్ట్రాలలోనూ 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. దాని కింద ఒక పట్టణంలో ముప్పై దుకాణాలు సంఘంగా ఏర్పడి, నూనె, పప్పు, పంచదార, సబ్బులు, ఈ నాలుగు సరుకులనే కలిసి కొన్నా డిస్ట్రిబ్యూటరు ముందు మాట్లాడే తీరు మారుతుంది. ఆ ముప్పైలో పది మనవి, ఇరవై ఇతరులవి అయితే మరీ మంచిది. ఎవరిని నమ్మాలి, లెక్కలు ఎవరు రాయాలి అన్న దగ్గరే ఇలాంటి ప్రయత్నాలు ఆగిపోతాయని మాకు తెలుసు. మొదటి ఏడాది లెక్కలకు జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడానికి మైనారిటీ ఆర్థిక సంస్థ నిధులివ్వాలి. ఒక్కొక్కరికి విడివిడిగా సబ్సిడీ పంచి ఫొటో దిగే పథకాల కంటే ఇది చవకైన పని.

వక్ఫ్ బోర్డుల చేతిలో ఊరి నడిబొడ్డున మల్గీలున్నాయి. వాటిలో అద్దెకున్నవారు ఎవరు, ఉప అద్దెకు ఎవరు ఎంత తింటున్నారు అన్నది వేరే వ్యాసం. కనీసం ఖాళీ అయిన మల్గీలను నిజంగా వ్యాపారం చేసుకొనే చిన్నవారికి నిర్ణీత అద్దెకు ఇవ్వడం, సంఘంగా ఏర్పడినవారికి ఒక గోదాము కేటాయించడం బోర్డు పరిధిలోనివే.

మన దుకాణదారులతో కూడా ఒక కఠినమైన మాట చెప్పాలి. తూనికల దగ్గర మోసం గురించి ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. అయినా రాళ్లకు బదులు ఎలక్ట్రానిక్ కాటా పెట్టడానికి ఏళ్లు పట్టింది. గడువు తీరిన సరుకును వెనక్కి పంపకుండా పిల్లలకు అమ్మడం, బిల్లు అడిగితే మొహం మాడ్చడం, ఆడవాళ్లు ధర అడిగితే విసుక్కోవడం మానకపోతే ఏ సహకార సంఘమూ కాపాడదు. పెద్ద దుకాణంలో ఆ ఇల్లాలికి దొరికింది చవక ఒక్కటే కాదు. ఎవరి అనుమతీ లేకుండా వస్తువును చేతిలోకి తీసుకొని చూసి, నచ్చకపోతే పెట్టేసే స్వేచ్ఛ కూడా దొరికింది. మన బజారు ఆమెకు ఆ మర్యాద ఇవ్వలేదు.

చివరిగా, పెద్ద దుకాణం గేటు ముందు మొలిచే కొత్త బజారు మాట. అది తెరిచిన నెలలోపే టీ బండి, పండ్ల బండి, చెరకు రసం, ఫోను కవర్లు, పిల్లల బెలూన్లు చేరుతాయి. పాత బజారులో కొట్టు ఎత్తేసినవారే కొందరు అక్కడ బండితో నిలబడతారు. నెలకోసారి ట్రాఫిక్ అడ్డం అంటూ బండ్లు ఎత్తుకుపోతారు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి విక్రేతలే ఎన్నికలతో రావాలి, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. సర్వే జరిగి ధ్రువపత్రం ఇచ్చే వరకు ఎవరినీ తొలగించరాదు. మీ పట్టణంలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, అందులో మైనారిటీ సభ్యులు ఎవరు, సర్వే జాబితాలో మీ వీధి బండ్లు ఎన్ని ఉన్నాయన్న మూడు ప్రశ్నలతో సమాచార హక్కు చట్టం కింద మునిసిపల్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. వచ్చిన జవాబులను మాకు పంపితే పట్టణాల వారీగా ఈ పుటలలోనే ప్రచురిస్తాం.